చూపు కాపాడుకోవడం సోకు కాదు
(ప్రసంగ పాఠం)



కనుగుడ్లు పొడుచుకొచ్చిన స్త్రీని "గుడ్లురుముతోంది" అని వెక్కిరిస్తారు. నిజానికది థైరాయిడ్‌తో వచ్చే జబ్బు, ఆడవాళ్లలోనే ఎక్కువ. కంటి వెనుక కండరాలు, కొవ్వు వాచి గుడ్డును ముందుకు తోస్తాయి.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అడ్డపొగ తాగే తల్లులున్నారు. పొగాకు ఈ జబ్బును ముదరబెడుతుంది. తిట్టకుండా నచ్చజెప్పి మాన్పిద్దాం.

వాపు కంటినరాన్ని నొక్కితే రంగులు వెలిసినట్టుంటాయి, చూపు మసకబారుతుంది. అప్పుడిక ఆగకూడదు. మందులకు లొంగకపోతే కంటిగూటి ఎముక కొంత తీసి గుడ్డుకు చోటిస్తారు. చూపుకు ముప్పు లేకపోతే జబ్బు నెమ్మదించాక చేస్తారు. అవసరమైతే ఆ తర్వాత మెల్ల, చివర రెప్పలు సరిచేస్తారు.

"ఆడదానికి అందం ఆపరేషనెందుకు?" అంటే ఒప్పుకోవద్దని నా మనవి. థైరాయిడ్, కంటి పరీక్షలు రెండూ జిల్లా ఆసుపత్రిలోనే జరగాలని కలిసి అడుగుదాం. చూపు మన హక్కు.