ఎనిమిది రోజుల వారం



కుళాయి దగ్గర బిందెల వరస తెలియని ఇల్లాలు మనలో ఎవరుంటారు చెప్పండి! ఎవరి బిందె ముందన్న దగ్గరే ఎంతటి స్నేహాలైనా చెడిపోతాయి. నీళ్ల వంతు కోసం వారం లెక్కనే మార్చుకున్న ఒక ఊరి కథ ఈ వేళ మీకు చెబుతాను.

ఆ ఊరి పేరు బత్తీర్. పాలస్తీనాలో, ఏసుక్రీస్తు పుట్టిన బెత్లెహేముకు పడమరగా కొండల్లో ఉంది. సున్నం, మట్టి పెట్టకుండా రాయి మీద రాయి పేర్చి, కొండవాలునంతా మెట్లుమెట్లుగా మళ్లు చేసుకున్నారు. ఆలివ్ చెట్లు, ద్రాక్ష, కూరగాయలు పండిస్తారు. ఊటనీరు రోమనుల కాలంనాటి కోనేరులోకి చేరి, అక్కణ్నించి కాలవల్లో మళ్లకు పారుతుంది. ఊళ్లో పెద్ద వంశాలు ఎనిమిది. వంశానికొక రోజు వంతు. అంచేత అక్కడ నీళ్ల వారానికి ఎనిమిది రోజులు! కోనేట్లో కర్ర దింపి, మట్టం చూసి, ఆ రోజు వాటాలు తేలుస్తారు.

ఆ ఊట దగ్గరే ఒక రాతి మీద రెండు రోమన్ సైనిక దళాల పేర్లు చెక్కి ఉన్నాయి. క్రీ.శ. 135లో రోమనుల మీద తిరగబడ్డ యూదులు చివరిదాకా నిలబడి పోరాడిన బేతార్ కోట ఇక్కడిదేనని పండితులంటారు. ఊరి పేరులో ఆ పేరే నిలిచింది. తరవాత ఎన్నో ప్రభుత్వాలు మారాయి. 1596 నాటి తురుష్కుల పన్ను లెక్కల్లోనూ ఈ ఊరుంది.

1892లో జాఫా నుంచి జెరూసలేముకు రైలు వేశారు. బత్తీరులో స్టేషను పెట్టారు. ఇక ఆడవాళ్లు కూరల బుట్టలతో రైలెక్కి జెరూసలేం బజారుకు వెళ్లి అమ్ముకొచ్చేవారు. ఇంటి ఖర్చు ఆ బుట్టల్లోంచే వచ్చేదన్నమాట.

1948లో యుద్ధం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయిపోయాయి. బత్తీరులోనూ చాలామంది పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిపోయారు. కొద్దిమందే మిగిలారు. ఊరు ఖాళీ అని తెలిస్తే దక్కదు. అప్పుడు హసన్ ముస్తఫా అనే ఆ ఊరి చదువుకున్న పెద్దమనిషి ఒక ఉపాయం చెప్పాడు. ఖాళీ ఇళ్ల ముందు బట్టలు ఉతికి ఆరేయండి, రాత్రిళ్లు కిటికీల్లో దీపాలు పెట్టండి అన్నాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ఊరినిండా జనం ఉన్నట్టే కనిపించింది! మనం రోజూ విసుక్కుంటూ దండెం మీద వేసే బట్టలేనమ్మా, అక్కడ ఊరికి కాపలా కాశాయి.

1949 ఒప్పందంలో రైలుపట్టాలు ఇజ్రాయెలుకు పోయాయి. రైలు జోలికి రాకుండా ఉంటామని ఊరివాళ్లు మాటిచ్చారు. బదులుగా పట్టాలకు అవతలున్న తమ పొలాలు తామే సాగుచేసుకునే వీలు దక్కించుకున్నారు. కానీ రైలు మాత్రం వాళ్ల స్టేషన్లో ఆగడం మానేసింది. బుట్టలు దిగిపోయాయి. 1967 నుంచి ఊరంతా ఇజ్రాయెల్ ఆక్రమణ కిందికి వెళ్లింది.

తరవాత ఆ మళ్ల మధ్యగా గోడ కట్టాలని ఇజ్రాయెల్ సైన్యం తలపెట్టింది. గోడ లేస్తే కాలవలేం కావాలి? ఊరివాళ్లు కోర్టుకెక్కారు. ఇజ్రాయెల్లోని పర్యావరణవాదులు కూడా వాళ్ల పక్షాన నిలిచారు. 2014లో యునెస్కో ఆ మళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో, అపాయంలో ఉన్నవాటిలో కూడా చేర్చింది. 2015 మొదట్లో కోర్టులో గోడ పని ఆగింది.

అన్నట్టు, ఆ ఊరి వంకాయకు మహా పేరు. మన గుత్తివంకాయలా గుండ్రం కాదు, సన్నగా పొడుగ్గా ఉంటుంది. లోపలి గుజ్జు తొలిచేసి, బియ్యం, మాంసం కూరి వండుతారు. మనం కూరేది మసాలా, వాళ్లు కూరేది బియ్యం. అంతే తేడా!