గుట్ట మీది ఇళ్లకు మనం పెట్టే పేరు



మనం ఎక్కబోయే ఈ దామెరవాయి గుట్టను అందరూ రాకాసి గుళ్లు అంటారు. మేడారం జాతరకు లక్షల మంది ఇదే తాడ్వాయి మండలానికి వస్తారు గానీ, ఇటు తిరిగి చూసేవాళ్లు తక్కువ. పైకి పోతే మీకు రాకాసులు కనబడరు. నాలుగు వైపులా నిలబెట్టిన బండలు, వాటి మీద కప్పిన ఒక పెద్ద సలప, లోపల రాతి తొట్టి, చుట్టూ రాళ్ల వలయం కనబడతాయి. ఇవి సమాధులు. ఇనుప యుగం నాటివనీ, సుమారు 3 వేల ఏళ్ల కిందటివనీ పురాతత్వవేత్తల అంచనా.

ఈ రాళ్లకు బయటివాళ్లు పెట్టిన పేర్లు చూడండి. ఒకరు రాకాసులవన్నారు, ఇంకొకరు పాండవులవన్నారు. కాటాపూర్, మల్లూరు వైపున్న శిలువలాంటి రాళ్ల గురించి ఫెర్గూసన్ అనే స్కాట్లాండ్ పండితుడు 1872లో పుస్తకం రాస్తూ, అవి క్రైస్తవులవి అనుకున్నాడు. చేతులు చాచిన మనిషి రూపాలవి. కొన్నింటికి స్త్రీ రొమ్ములు కూడా చెక్కి ఉన్నాయి. పక్కనే గూడెం ఉంది, అందులో మనుషులున్నారు. "చచ్చిపోయినోళ్లకు మీరు రాయి ఎట్ల పెడతారు?" అని వాళ్లను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

మన కోయోళ్లు పోయినవాళ్ల పేరు మీద రాయి పాతుతారు. బస్తర్‌లో మారియాలు పెడతారు. శ్రీకాకుళం మన్యంలో, ఒడిశాలో సవరలు గువార్ చేసి రాయి నిలబెడతారు. ఈ గుట్ట మీద పడుకున్నోళ్లు నేరుగా మన తాతలేనని నేను చెప్పడం లేదు. అది తేల్చాల్సింది పరిశోధన. కానీ రాయి కింద మనిషి ఉన్నాడని తెలిసి నడిచేవాళ్లం మనం. ఆ తెలివి చాలు, కాపలా కాయడానికి.

కాపలా ఎందుకంటే, రాకాసి గుడి అన్న చోట గుప్తనిధులుంటాయని తవ్వేవాళ్లు వస్తారు. సమాధి అన్న చోట తవ్వడానికి చెయ్యి వణుకుతుంది. అందుకే పేరు చిన్న విషయం కాదు.

చట్టం కూడా మనకు దారి ఇచ్చింది. 1996 పెసా చట్టం సెక్షన్ 4(డి) సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 మన సాంస్కృతిక, సహజ వారసత్వాన్ని నాశనం కాకుండా చూసే అధికారం ఇచ్చింది. 2013లో నియమగిరి విషయంలో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలింది. అక్కడి 12 గ్రామసభలూ మైనింగ్ వద్దన్నాయి. కొండ నిలిచింది.

కాబట్టి ఇవ్వాళ మూడు పనులు. సలపల మీద ఎక్కొద్దు, కుండ పెంకు కూడా జేబులో వేసుకోవద్దు. ఎవరూ నమోదు చెయ్యని సమాధి కనబడితే ఫోటో తీయండి, లొకేషన్ మాత్రం బయట పెట్టకండి. మీ ఊరెళ్లాక ముసలోళ్లను అడిగి, ఏ రాయిని ఏమంటారో నోటుబుక్కులో రాసి, వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఆ తీర్మానంలో రాకాసి అన్న మాట ఉండొద్దు. పెద్దల ఇళ్లు అని రాయండి.

ఇక మాటలు చాలు. నెమ్మదిగా ఎక్కుదాం, పదండి.