గుర్రపువాతం: ఎలుక చెప్పేదెంత?

సేలం, జోలార్‌పేటల మధ్య రైలుదారి మీదున్న ఈ మొరప్పూర్‌లో, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన మనవాళ్ళ నడుమ వైద్యశాస్త్రం గురించి తెలుగులో మాట్లాడమన్నారు. కృతజ్ఞుణ్ణి.

ఇరవై వారాలు నిండాక గర్భిణికి రక్తపోటు 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియా. ముదిరితే మూర్ఛలొస్తాయి. మన పెద్దలు గుర్రపువాతమన్నది దాన్నే. మాయ బయటపడితే గాని ఈ జబ్బుకు మూలం పోదు. అందుకే నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి వస్తుంది. ఆ కాన్పును కొన్ని వారాలు ఆపగల మందు కోసమే జంతువుల మీద ఇన్ని పరీక్షలు.

చిక్కేమిటంటే, ఎలుకకు మామూలుగా ఈ జబ్బు రాదు, తెప్పించాలి. 1940లోనే ఆగ్డెన్ బృందం చూడి కుక్కల్లో బృహద్ధమనిని నొక్కి చూసింది. గర్భసంచికి రక్తం తగ్గితే తల్లి రక్తపోటు పెరిగింది. తర్వాత అమెరికాలోని మిసిసిపీలో జోయీ గ్రేంజర్ బృందం చూడి ఎలుకల ధమనులకు పద్నాలుగో రోజున వెండి క్లిప్పులు పెట్టి పరిశోధించింది. ఎలుక మోసేది మూడు వారాలే. ఆ రోజుకు దాని మాయ చాలావరకు ఏర్పడే ఉంటుంది. స్త్రీలో ఆ తప్పు, మాయ పాతుకునే తొలి నెలల్లోనే మొదలవుతుంది. కాబట్టి క్లిప్పు పెట్టిన ఎలుకలో పనిచేసిన మందు జబ్బు చివరి అంకానికే జవాబు చెప్పినట్టు.

అలాగని ఎలుకను తీసిపారేయలేం. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్ చేరిన అనంత్ కరుమంచి, ఆయన సహచరులు 2003లో ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ను ఎలుకల్లో పెంచి చూశారు. రక్తపోటు, మూత్రంలో ప్రోటీన్, మూత్రపిండాల్లో అదే తరహా మార్పు, అన్నీ వచ్చాయి. చూడి కాని ఎలుకల్లోనూ రక్తపోటు పెరిగింది! మాయ నుంచి రక్తంలోకి చేరే ఈ ప్రోటీన్ రక్తనాళాలకు కావలసిన పదార్థాలను పట్టేసుకుంటుందని అలా తెలిసింది. దాన్ని కొలిచే రక్తపరీక్షకు 2023లో అమెరికాలో అనుమతి దొరికింది. ఆ ప్రోటీన్ తయారీనే తగ్గించే ఆర్‌ఎన్‌ఏ మందు బబూన్ కోతుల్లో ఒక్క మోతాదుతో పనిచేసిందని 2018లో ప్రకటించారు. నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఈ దారి మీదే.

అదే ఏడు మరో కబురూ వచ్చింది. జంతువుల్లో ఆశ రేపిన సిల్డెనఫిల్ అనే మందును నెదర్లాండ్స్‌లో పిండం ఎదుగుదల కుంటుపడిన తల్లులకిచ్చారు. పుట్టిన పిల్లల ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎక్కువగా కనబడి, ప్రాణభయంతో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. తల్లి రక్తపోటూ పిండం బరువూ కొలిచి ముగించే జంతుపరీక్ష సగం పరీక్షేనని నా తీర్పు. పుట్టిన పిల్లల్ని పెంచి చూడాలి.

ఈలోగా స్త్రీలలోనే రుజువైనవి మన చేతిలో ఉన్నాయి. పదివేల పైచిలుకు గర్భిణులతో 33 దేశాల్లో జరిగిన మ్యాగ్‌పై పరీక్ష, మెగ్నీషియం సల్ఫేట్ మూర్ఛల ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో తేల్చింది. ముప్పు ఎక్కువున్న గర్భిణులు తొలి నెలల నుంచి డాక్టరు సలహాతో రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటే, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో తెలిసింది.

ఇక్కడున్న రచయితలకూ సంపాదకులకూ నా మనవి ఒక్కటే. "మందు దొరికింది" అని రాసేముందు ఏ జంతువులో, జబ్బును ఎలా తెప్పించి, మందును జబ్బుకు ముందిచ్చారా తర్వాతిచ్చారా, పిల్లలు ఏమయ్యారు, ఇవన్నీ చెప్పండి. ఇవి లేని వ్యాసాన్ని దయచేసి అచ్చుకివ్వకండి.