మా మాట మాతోనే రావాలె
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గోండు గూడేల గ్రామ సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



మేము ఆదిలాబాద్ జిల్లా గోండు గూడేల మహిళలం. పొదుపు, అప్పు, వాయిదాల లెక్కలు ఈ నివేదికలో వేరే చోట ఉన్నాయి. మేము ఇంకో లెక్క చెప్పడానికి నిలబడ్డాం.

పోయిన ఏడు లోన్ కోసం బ్యాంకుకు పోయినాం. తెలుగులో అడిగిన ప్రశ్నలు మా అధ్యక్షురాలికి సగమే అర్థమైనయి. "మాట రాని మనిషిని అధ్యక్షురాలిని ఎట్ల చేసిన్రు?" అన్నారు. ఆమెకు మాట వస్తది. గూడెంల పంచాయితీ అయితే ఆమె మాటే అందరూ వింటరు. ఆ మాట గోండి. ఆ రోజు ఫైలు వాపసు వచ్చింది. ఇంటికి వచ్చినాక ఆమె మనుమరాలితో "ఇక గోండి మాట్లాడకు బిడ్డా" అన్నది. ఫైలు కంటే మాకు అదే ఎక్కువ బాధైంది.

2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అని చెప్పినవాళ్ళు దేశంలో దాదాపు 30 లక్షల మంది. బోడో వాళ్ళు 15 లక్షల లోపే. 2003లో బోడో, సంతాలీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చేరినయి. గోండి చేరలేదు. జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చిన కుమురం భీం బొమ్మలు ఊరూరా ఉన్నాయి. ఆయన మాట్లాడిన గోండి మాత్రం బ్యాంకుల, దవాఖానల పనికిరాకపాయె.

అందుకని మా సంఘాలు తీర్మానం చేసుకున్నాయి. ప్రతి తీర్మానం ముందుగా గోండిలో చదివి, అందరూ ఒప్పుకున్నాకనే తెలుగులో రాయాలి. బ్యాంకుకు పోయే రోజు రెండు భాషలు వచ్చిన సభ్యురాలు వెంట ఉండాలి, దారి ఖర్చు సంఘం ఇవ్వాలి. జనాభా లెక్కలోళ్ళు వస్తే మాతృభాష గోండి అనే రాయించాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీద రావాలి కనుక, ఆడమనిషి పేరు సరిగా పడిందో లేదో చూసుకోవాలి.

రెండోసారి బ్యాంకుకు పోయినప్పుడు అధ్యక్షురాలు గోండిలోనే చెప్పింది, పక్కన ఒక చెల్లె తెలుగు చేసింది. లోన్ మంజూరైంది. మనుమరాలు మాత్రం ఇంకా నానమ్మకు తెలుగులోనే బదులిస్తున్నది. అది ఒక్క తీర్మానంతో తిరిగొచ్చేది కాదు.

మేము ఈ దేశం మనుషులం, ఈ సమాఖ్య సభ్యులం. తెలుగు నేర్చుకుంటాం, మా పిల్లలకు ఇంగ్లీషు కూడా కావాలి. గోండిని గడప బయట విడిచి రమ్మని మాత్రం అడగకండి. వచ్చే మహాసభలో మా అధ్యక్షురాలు గోండిలో మాట్లాడుతుంది. మీరు వినండి, తెలుగు మేము చేసి చెప్తాం.