ఇంటిగుట్టు - చేతి ఫోను
(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)

 

ఇంటిగుట్టు లంకకు చేటని తెలుగువారి సామెత. ఆ సామెత పుట్టిన నాటికి గుట్టు ఇంటి నాలుగు గోడల నడుమ నుండెడిది. దానిని బయటపెట్టుటకు ఇంటివాడే నోరు విప్పవలసియుండెను. నేడు నోరు విప్పనక్కరలేదు; జేబులో స్మార్టుఫోను ఉన్నచో చాలును. అయినను ఈ ప్రసక్తి వచ్చినప్పుడు యారాడ తీరమునందైనను, విశాఖపట్టణపు వీధులయందైనను పెద్దలనోట వినబడు మాట యొక్కటే: "నా ఫోనులో ఏటుంది, దాచుకోడానికి?" చదువుకొన్న యువకులు మరియొక మాట అందురు: "వాళ్లకు ఎప్పుడో అంతా తెలిసిపోయింది, ఇంక దాచి ఏం లాభం?" మొదటిది అమాయకత్వము, రెండవది నిస్పృహ. రెండింటి ఫలితము మాత్రము ఒక్కటే: అడిగినవానికెల్ల 'సరే' యని మీట నొక్కుట.

ఈ గ్రామమునకు అడ్డుగా నిలిచిన కొండ పేరే ఇందుకు సంబంధించిన యొక కేసునకు పేరైనది. 2019 డిసెంబరు నెలలో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగము, నావికాదళ నిఘా విభాగము, కేంద్ర సంస్థల తోడ్పాటుతో గూఢచర్యపు ఆరోపణపై ఏడుగురు నావికాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసినట్లు ప్రకటన వెలువడినది. ఆ చర్యకు పెట్టిన పేరు 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్'. పిమ్మట కేసు జాతీయ దర్యాప్తు సంస్థకు అప్పగింపబడినది. అధికారులు చెప్పినదానిని బట్టి, ఫేస్‌బుక్కులో స్త్రీల పేర్లతో పరిచయము పెంచుకొన్నవారు నావికులను మాటలలోనికి దింపి, ఓడల రాకపోకల సమాచారమును రాబట్టిరి. ఆ నెల ముగియకమునుపే నావికాదళము తన స్థావరములలోను, ఓడలపైనను స్మార్టుఫోనులను, ఫేస్‌బుక్కు వంటి వేదికలను నిషేధించినది.

ఫిరంగులకు వెరవని దళము అరచేతిలో ఇముడు యంత్రమునకు వెరవవలసివచ్చినది. కారణమును ఆలోచించినచో పై ప్రశ్నకు సమాధానము దొరకును. ఓడ రేపు బయలుదేరునని ఒక నావికుడు చెప్పినచో, అది అతనికి చిన్నమాట. కాని ఆ ఓడలో వందలమంది ఉందురు. వారి క్షేమమును గూర్చి "నాకు దాచుకొనుటకేమియు లేదు" అని చెప్పు హక్కు అతని కెక్కడిది?

గృహస్థుని ఫోనునకును ఇదే న్యాయము. చీకటిలో దారి చూపు టార్చిలైటు యాప్ ఒకటి దింపుకొనగానే అది ఫోనులోని పేర్ల పట్టికను చూపుమని అడిగినదనుకొనుడు. దీపము వెలిగించుటకు చుట్టముల నంబర్లతో పనియేమి? అయినను 'సరే' యని నొక్కినవాడు తన నంబరును మాత్రమే యిచ్చుట లేదు; వదినగారి నంబరు, బడిపంతులుగారి నంబరు, అప్పిచ్చినవాని నంబరు, అన్నియు వారి నడుగకయే యిచ్చుచున్నాడు. ఆ పట్టిక చేతులు మారి మోసగాని కడకు చేరినచో, ఓటీపీ చెప్పుమని ఫోను వచ్చునది వదినగారికి. (అట్లు సొమ్ము పోయినవారు సిగ్గుపడి ఊరకుండక 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము దొరకుట కష్టము.)

ఫోనునకు తానెక్కడ నున్నదియు ఎట్లు తెలియునో చాలమందికి అపోహ కలదు. పైనున్న ఉపగ్రహము అందరిని కనిపెట్టి చూచుచున్నదని తలతురు. అది సరికాదు. డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభమును తలచుకొనుడు. అది అన్ని దిక్కులకును వెలుగు నిచ్చును. ఆ వెలుగును ఏ పడవవారు చూచి దారి తెలిసికొనిరో దానికి తెలియదు. జీపీఎస్ ఉపగ్రహములును అట్టివే. అవి కాలమును, తమ స్థానమును తెలుపు సంకేతములను ప్రకటించుచుండును. ఫోను కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములను విని, తన స్థానమును తానే లెక్కకట్టుకొనును. అంతవరకు గుట్టు ఫోనులోనే యున్నది. దానిని బయటికి మోయునది ఆ లెక్కను అంతర్జాలము ద్వారా తన యజమానికి పంపు యాప్. సెల్ టవరు సంగతి వేరు. ఫోను ఏ టవరు పరిధిలో నున్నదో తెలియనిదే ఆ కంపెనీ కాల్‌ను అందజేయజాలదు. అది తెలియక తప్పనిది. టార్చిలైటునకు తెలియుట అనవసరము. ఈ రెండింటిని వేరుచేసి చూచుటయే అసలు వివేకము.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము మత్స్యకారులకు చేపలు దొరకగల ప్రాంతములను గూర్చిన సూచనల నిచ్చుచున్నది. సముద్రపు పైనీటి వేడిమిని, పచ్చదనమును ఉపగ్రహ చిత్రములలో పరిశీలించి ఆ సూచనలు తయారుచేయుదురు. తీరము పేరు చెప్పినచో సూచన దొరకును. వేటకు పోవువాని ఫొటోలతోను, చుట్టములతోను దానికి పని లేదు. ఉపకారము పొందుటకు ఇల్లంతయు తెరిచి చూపవలెనను వాదము నిలువదనుటకు ఇంతకన్న దగ్గరి దృష్టాంతము అక్కరలేదు.

న్యాయస్థానములును ఈ విషయమున స్పష్టముగానే పలికినవి. అందులో ఒక మేలు తెలుగునాటి వ్యాజ్యము వలననే కలిగినది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్టాంపు చట్టమును సవరించి, అధికారులు బ్యాంకులలోనికి సయితము ప్రవేశించి పత్రములను తనిఖీచేయుటకు, తీసికొనిపోవుటకు వీలు కల్పించినది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును నడిచిన ఆ వ్యాజ్యమున 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లదని తీర్పు చెప్పినది. గోప్యత మనుష్యులది గాని స్థలములది కాదు. కాగితము బ్యాంకు చేతిలో నున్నంతమాత్రమున ఖాతాదారునికి గల హక్కు పోదు. నేడు ఫొటోలు, ఉత్తరములు ఏదో కంపెనీ గిడ్డంగిలో నున్నవారందరు ఈ మాటను గుర్తుంచుకొనదగును. పిమ్మట 2017 ఆగస్టు 24వ తేదీన, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారి వ్యాజ్యమున, తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిరి.

అయితే తీర్పు కాగితముమీద నుండును, యాప్ జేబులో నుండును. అది లోపల నేమి చేయుచున్నదో ఎవరు చూడవలెను? ఇచ్చట ఓపెన్ సోర్సు అను మాట వచ్చును. పడవకు బిగించిన ఇంజను మూత విప్పి చూచుటకు వీలున్నచో, యజమానికి రాకపోయినను మెకానిక్కు చూడగలడు. మూతకు సీలు వేసి, విప్పినచో నేరమన్నచో, తయారుచేసినవాని మాటయే వేదము. ప్రోగ్రాము యొక్క అసలు వ్రాతను అందరు చూచుటకు, మార్చుటకు, పంచుటకు విడిచిపెట్టుటయే ఓపెన్ సోర్సు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ స్వేచ్ఛకై ఉద్యమము ప్రారంభించెను. ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్సును వెలువరించెను. ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున నున్నది ఆ లైనక్సే. అడుగు తెరిచియున్నను, పైన నడుచు యాప్‌లలో పెక్కింటికి సీలు వేసియుండుట విచిత్రము.

తెరిచియుంచిన ఇంట దొంగ దూరడా యని అడుగువారు కలరు. దూరును. 2024లో ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రాములో, రెండేండ్లకు పైగా మంచివానివలె పనిచేసి నమ్మకము సంపాదించిన ఒక అజ్ఞాతవ్యక్తి దొంగదారి నమర్చెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన కంప్యూటరులో ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుట గమనించి, ఎందుకని తవ్వి చూచి, మార్చి 29వ తేదీన లోకమునకు చాటెను. తవ్వుటకు వీలుండుట వలననే అది బయటపడినది. చూచువారు లేనిచో తెరిచియుంచుట వలన మాత్రమే రక్షణ కలుగదన్న సత్యమును గూడ ఒప్పుకొనవలెను.

తెలుగువారికి దీని వలన మరియొక లాభము కలిగినది. 2005 నుండి హైదరాబాదు కేంద్రముగా 'స్వేచ్ఛ' సంస్థవారు లైనక్సును తెలుగులో పలికించుటకు పూనుకొనిరి. అసలు వ్రాత తెరిచియున్నందున ఏ కంపెనీ అనుమతికిని వేచియుండవలసిన పని లేకపోయినది.

గ్రంథాలయముల సంగతియు కొంత చెప్పవలెను. న్యూజిలాండులోని హోరోవెనువా గ్రంథాలయ సంఘమువారి పాత కంప్యూటరు ప్రోగ్రాము 2000 సంవత్సరపు తేదీలను ఎరుగదని భయము కలుగగా, వారు 1999లో క్రొత్తది వ్రాయించి లోకమునకు ఉచితముగా విడిచిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో కానుక యని అర్థము. భారతదేశమున పెక్కు గ్రంథాలయములు దానిని వాడుచున్నవి. ఎవరు ఏ పుస్తకము చదివిరన్నదియు ఇంటిగుట్టే. రోగమును గూర్చిన పుస్తకము, విడాకుల చట్టము, పోటీపరీక్షల గైడు: వీని నెవరు తీసికొనిరో ఊరికి తెలియవలసిన పని లేదు. నమోదు పుస్తకము నేడు బల్ల సొరుగులో నుండును. రేపు కంప్యూటరులోనికి పోవును. తిరిగి యిచ్చిన పుస్తకముల జాబితాను ఎల్లకాలము ఉంచవలెనా, కొంతకాలము ఉంచవలెనా, అసలు ఉంచకూడదా యని పాఠకునే యడుగు వీలు కోహాలో కలదు. గ్రంథాలయమువారు ఆ వీలును తెరిచిపెట్టినచో, పుస్తకము తిరిగి యిచ్చిన మరుక్షణమే దాని ప్రక్కనున్న పాఠకుని పేరు చెరిగిపోవునట్లు చేసికొనవచ్చును.