ఇంట్లో నలుగురు పిల్లలు: ఎవరికి ఏ పుస్తకం?

(బడికి దూరమైన పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు ఇంటి వద్దనే చదువు చెప్పుకొనే కుటుంబాలు పుస్తకాలను ఏ విధంగా ఎంచుకోవాలో వివరించమని నిర్వాహకులు కోరారు. మేము విద్యావేత్తలం కాము. ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల నడుమ గడిపిన గుమాస్తాలం. విరమణ తరువాత మా బృందం కొన్ని ఇళ్లలో చేసిన పనిని, అందులో మేము చేసిన ఒక పొరపాటును మీ ముందుంచుతాము.

మొదట ఒక విషయం స్పష్టం చేయాలి. 6 నుంచి 14 ఏళ్ల వరకు ఉచిత విద్య ప్రతి బిడ్డకూ హక్కు. వయసు ధ్రువపత్రం లేదనో, బదిలీ పత్రం ఆలస్యమైందనో బడిలో ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. మధ్యలో చదువు మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా ఆ చట్టమే ఆదేశిస్తోంది. ఇంట్లో చదువు సాగుతున్నదని ఆ హక్కును మనం వదులుకోరాదు.

అయినా కొన్ని ఇళ్లలో పరిస్థితులు వేరు. మేము చూసిన ఒక కుటుంబంలో తండ్రి ఊరూరా తిరిగి పరుపులు కుట్టే పనివారు. ఉన్నత పాఠశాల దూరమని 15 ఏళ్ల పెద్దమ్మాయి 8వ తరగతితో ఆగిపోయింది. ఊళ్లు మారడంతో 11 ఏళ్ల అబ్బాయి, 9 ఏళ్ల అమ్మాయి బడికి దూరమయ్యారు. చివరివాడికి 6 ఏళ్లు. మా బృందం చందాలు పోగుచేసి, ఒక్కొక్కరి వయసు చూసి, నలుగురికీ నాలుగు తరగతుల పుస్తకాలు కొని ఇచ్చింది. ఎంతో మేలు చేశామని సంతోషించాము.

మూడు నెలల తరువాత వెళ్లి చూస్తే, అబ్బాయి పుస్తకాలు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. 6వ తరగతి పాఠంలో ఒక పేరా కూడా అతడు తడబడకుండా చదవలేకున్నాడు. పెద్దమ్మాయి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ముగ్గురికీ చెబుతోంది. ఆ తరువాత వంటపని, ఇంటిపని. తన పుస్తకం తెరిచే వేళ లేదు. వాళ్ల అమ్మ మమ్మల్ని అడిగింది: “బాబాయి గారూ, పెద్దమ్మాయి పదో తరగతి ఫారం ఎప్పుడు కట్టాలి?”

గడువు దాటిపోయి అప్పటికి పది రోజులైంది. కార్యాలయంలో ఎందరి గడువులనో గుర్తుచేసిన మేము ఈ గడువును మరచిపోయాము. ఆ బిడ్డకు ఒక ఏడాది నష్టమైంది. ఆ నష్టం నుంచి నేర్చుకున్నవే ఇప్పుడు చెబుతున్న మాటలు.

మొదటిది: భాష, గణితం పుస్తకాలను వయసును బట్టి కాక, బిడ్డ స్థాయిని బట్టి తీసుకోవాలి. కొనడానికి ముందు 2వ తరగతి వాచకంలో ఒక చిన్న కథ చదివించండి. రెండంకెల తీసివేత, ఒక భాగహారం చేయించండి. ఎక్కడ ఆగితే అక్కడి పుస్తకమే ఆ బిడ్డకు మొదటి పుస్తకం. 11 ఏళ్ల వాడు 3వ తరగతి గణితంతో మొదలుపెట్టడంలో అవమానం లేదు. తమ్ముళ్ల ముందు తరగతి అంకె కనిపించి చిన్నబుచ్చుకుంటే, పుస్తకానికి అట్ట వేయండి.

రెండవది: అన్ని విషయాలకూ నాలుగేసి పుస్తకాలు అక్కరలేదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ వారు గ్రామీణ ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. అందులో పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లవలె అమర్చుతారు. వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో కూర్చొని, ఎవరి మెట్టు నుంచి వారు ముందుకు సాగుతారు. మన ఇల్లూ అటువంటి బడే. పరిసరాల విజ్ఞానం, చరిత్ర, కథలు నలుగురూ కలిసి వినవచ్చు. విన్నదాన్ని చిన్నవాడు బొమ్మ గీస్తాడు, నడిమివారు ఐదు వాక్యాలు రాస్తారు, పెద్దమ్మాయి తన పుస్తకంలోని ప్రశ్నకు జవాబు రాస్తుంది. నేషనల్ బుక్ ట్రస్టు, ప్రథమ్ బుక్స్ ప్రచురణల్లో తెలుగు, ఉర్దూ కథల పుస్తకాలున్నాయి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తాయి.

మూడవది భాష. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అయితే చిన్న బిడ్డ మూడింటిలోనూ తడబడుతుంది. చదవడం నేర్పేటప్పుడు బిడ్డకు బాగా వచ్చిన భాషతో మొదలుపెట్టండి. తరువాత ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగు ఉండే ప్రభుత్వ ద్విభాషా పుస్తకాలు ఎంతో ఉపకరిస్తాయి. ఇంగ్లీషు రాని తల్లి కూడా పక్క పుట చూసి పాఠం చెప్పగలుగుతుంది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఆ ఇంటి డబ్బులోనూ, సమయంలోనూ మొదటి వాటా పరీక్షకు దగ్గరైన బిడ్డది. మన ఇళ్లలో తరచుగా ఆ బిడ్డ పెద్దమ్మాయే. సార్వత్రిక విద్యాపీఠాల్లో 14 ఏళ్లు నిండినవారు పదో తరగతికి చేరవచ్చు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో తెలుగు, ఉర్దూ మాధ్యమాలు రెండూ ఉన్నాయి. ఒకసారి నమోదైతే ఐదేళ్ల కాలంలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంది. కాబట్టి ముందుగా సంస్థను నిర్ణయించుకొని, ఆ సంస్థ పుస్తకాలనే తీసుకోండి. బజారులో దొరికిన గైడును బట్టి చదివి, తరువాత సంస్థ కోసం వెతకడం తలకిందుల పని. ఆమె తమ్ముళ్లకు గంటసేపు చెప్పవచ్చు. రోజంతా చెప్పమనడం ఆమె చదువును తీసి వారికి పంచడమే.

చివరగా గుమాస్తాలుగా ఒక మనవి. పుస్తకాలతో పాటు ప్రతి బిడ్డకూ ఒక దస్త్రం పెట్టండి. జనన ధ్రువపత్రం, ఆధార్, పాత బడి కాగితాలు అందులో ఉంచండి. మన పిల్లల పేర్లలో షేక్ అన్నది ఒక కాగితంలో ముందు, మరొక కాగితంలో వెనుక ఉంటుంది; మహమ్మద్ నాలుగు రకాలుగా ఉంటుంది. పరీక్ష ఫారం నింపే రోజు కాక, ఈ రోజే సరిచూసుకోండి. ఆ దస్త్రం అట్టమీద ఫారం గడువు తేదీని పెద్ద అక్షరాలతో రాయండి.

మేము చెప్పిన ఆ పెద్దమ్మాయి ఫారం మరుసటి ఏడాది మొదటి వారంలోనే కట్టించాము. ఇప్పుడు ఉదయం రెండు గంటలు ఆమె చదువుకే కేటాయించారు. ఆ వేళలో తమ్ముళ్లను వాళ్ల అమ్మ కూర్చోబెట్టుకుంటుంది. మీ ఇంటికి వెళ్లగానే పుస్తకాల జాబితా రాసుకోండి. అందులో మొదటి పేరు పరీక్షకు దగ్గరైన బిడ్డదై ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.