ససోల్ సమ్మె: సమానత్వం ఏ సంవత్సరం నుంచి?



2018 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలోని ససోల్ కంపెనీలో ప్రధానంగా శ్వేతజాతి కార్మికులు గల సాలిడారిటీ యూనియన్ సమ్మెకు దిగింది. ఖన్యీసా అనే వాటాల పథకంలో ఒక భాగాన్ని యాజమాన్యం నల్లజాతి ఉద్యోగులకే పరిమితం చేసింది. ఒకే పని చేసేవారి మధ్య రంగును బట్టి తేడా ఏమిటని వారి ప్రశ్న.

సమ్మె హక్కును మేము కాదనము. పక్కపక్కన పనిచేసే ఇద్దరిలో ఒకరికే వాటా దక్కితే రెండవవారికి బాధ కలుగుతుంది. అయితే ఆ యూనియన్ మూలాలు పాత శ్వేత గని కార్మికుల సంఘంలో ఉన్నాయి. 1922లో రాండ్ గనుల శ్వేత కార్మికులు సమ్మె చేసింది, తమ పనులు తక్కువ కూలికి నల్లవారికి ఇవ్వరాదనే. 1926 నాటి చట్టం నైపుణ్యపు పనుల యోగ్యతాపత్రాలను ఆఫ్రికావారికే కాదు, ఆసియావారికీ నిరాకరించింది. 1860 మొదలు చెరకు తోటల కూలీలుగా నేటాల్ చేరిన తెలుగువారి సంతతీ ఆ ఆసియావారిలోనిదే. 2003 చట్టం వారిని కూడా నల్లజాతివారిగానే లెక్కించింది.

ఆ చట్టంలో లోపమూ ఉంది: అది రంగును చూస్తుంది, ఆదాయాన్ని చూడదు. మన బి.సి.-ఇ కోటా అలాంటిది కాదు. మతం చూసి ఇచ్చారని నిందించేవారు గమనించాలి: 2007 చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకే 4 శాతం ఇచ్చింది, సయ్యద్, పఠాన్, మొఘల్ వర్గాలను మినహాయించింది. ఈ సంగతి తెలిసినవారు మనలోనూ తక్కువే.